రెండో రీబూట్

పాత డిస్కు రెండు వారాలుగా నాలుక చప్పరిస్తోందని
టోక్టోసున్ బైకే ఫోన్ చేశాడు.
నాకు వినిపించాలని ఫోన్‌ని సర్వర్ పక్కన పెట్టాడు.
వినిపించింది గాలి,
ఇంకా అతని టీ కెటిల్.

నారిన్ దాటి ఇంకో పూట ప్రయాణం ఎత్తున
మంచు లోతు కొలిచే స్టేషన్ అది.
పది నిమిషాలకో అంకెని కిందికి పంపుతుంది.
అది చూసే కనుమ తెరవాలో మూయాలో
రోడ్డువాళ్లు తేల్చుకుంటారు.
ఏప్రిల్ దాకా పైకి మనిషి వెళ్లే దారి లేదు.
వెళ్లలేని చోటు చూసుకునే కదా
ఏదైనా పాడయ్యేది.

కొత్త డిస్కు మంచుకి ముందే పైకి చేరింది,
పిండి బస్తాల మధ్య, ఉన్ని మేజోడులో.
నిన్న అతనే బిగించాడు.
నాలుగు మరల్లో మూడే దొరికాయట.
"నాలుగోది నేలమీదే ఎక్కడో ఉంది ఐచురెక్,
ఎండలొస్తే మెరుస్తుందిలే."

రాత్రి పదకొండు. బిష్కెక్ నిండా బొగ్గు పొగ.
కిటికీ సందుల్లో తడిగుడ్డ కుక్కి కూర్చున్నాను.
కూర్చున్న కొమ్మని నరకడం
లోకానికి తెలివితక్కువ.
మాకు ఉద్యోగం.

డిస్కు నుంచి డిస్కుకి జానెడు దూరం.
ఆ జానెడు దాటించడానికి
నాలుగు వందల కిలోమీటర్ల అవతల నుంచి చెయ్యి చాపాను.
ఫైళ్లు ఒక్కొక్కటే పేరు చెప్పి దాటుతున్నాయి.
ఒకదాని మీద అనుమానం వచ్చి తెరిచాను.
లోపల ఒక వ్యాఖ్య:
"దీన్ని ముట్టుకోవద్దు. ఎందుకో నాకూ తెలీదు. మెలిస్."
మెలిస్ ఈ పని మానేసి టైర్ల కొట్టు పెట్టుకుని ఆరేళ్లు.
అతని భయం మాత్రం
బైటు పొల్లుపోకుండా కొత్త డిస్కులోకి వెళ్లింది.
నేనూ ముట్టుకోలేదు.

మొదటి రీబూట్.
పింగ్. జవాబు లేదు.
పింగ్. జవాబు లేదు.
మూడో నిమిషంలో పలికింది.
కుర్చీలోంచి లేచి గదిలో ఒక చుట్టు తిరిగొచ్చాను.
ఎక్కడున్నావని అడిగితే
పాత డిస్కు పేరే చెప్పింది,
ఇల్లు మారిన మర్నాడు
పని నుంచి నేరుగా పాత గుమ్మానికి వెళ్లి
తాళంచెవి తిప్పుతున్న మనిషిలా.

తప్పు నాదే.
ముప్పై ఆరు అక్షరాల గుర్తింపు ఒకటి
ఒక వరసలో మార్చి, ఇంకో వరసలో మరిచాను.
దిద్దాను. ఈలోగా పాతదానిలో పడ్డ
నాలుగు అంకెల్నీ ఏరి కొత్తదానిలో వేశాను.
ఎంటర్ మీద వేలు పెట్టి
కాసేపు అలాగే ఉంచాను.

రెండో రీబూట్.
అయిదు నిమిషాలు. ఎనిమిది. పదకొండు.
టోక్టోసున్‌ని నిద్రలేపాను.
అతనికి ముందు పుట్టినవాళ్లు దక్కక
'ఆగనీ' అనే అర్థంలో ఆ పేరు పెట్టారట.
టార్చి పట్టుకుని వెళ్లాడు.
"దీపం ఎర్రగా ఉందా, పచ్చగా ఉందా?"
"వెలుగుతోంది."
"రంగు?"
"నాకు ఆ రెండూ ఒకటే."
"మరి ఇన్నేళ్లూ పచ్చగా ఉందనే చెప్పావుగా!"
"నువ్వు అడిగే గొంతుకి అదే సరిపోయేది."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు.
"పోనీ, చెయ్యి పెట్టి చూడు. ఏది వెచ్చగా ఉంది?"
చాలాసేపు ఏమీ వినపడలేదు.
"కొత్తది. అప్పుడే ఈనిన గొర్రెపిల్ల చెవిలా."

రెండూ నలభైకి అంకె దిగింది:
నూట ముప్పై ఏడు సెంటీమీటర్లు.
ఈసారి ఎక్కడున్నావని అడిగితే
కొత్త పేరు చెప్పింది,
ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు.
పాతదాని కేబుల్ లాగెయ్యమన్నాను.
లాగేముందు దానితో కిర్గిజ్‌లో ఏదో అన్నాడు,
ఫోన్ దూరంగా పట్టుకుని.

మర్నాడు అడిగాను, ఇప్పుడు ప్రశాంతంగా ఉందా అని.
"మరీ ఎక్కువ ఉంది" అన్నాడు.
"కెటిల్ మూత కాస్త వదులు చేశాను."